ఒక్కసారి నోరు తెరిచి చూపించండి

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకి అడ్డపొగ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతా మనవలకీ మనవరాళ్లకీ చెబుతాను, వినండి. చుట్టని అందరూ కాల్చినట్టు కాకుండా, వెలిగించిన కొనని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తారు. నిప్పు లోపల ఉంటుంది, వెలిగించని కొన బయట ఉంటుంది. దాన్నే అడ్డపొగ అంటారు. కొందరు అడ్డచుట్ట అని కూడా అంటారు. మగవాళ్లూ కాలుస్తారు కానీ, ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లలోనూ కూలికి వెళ్లేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, చాకిరీతోనే వయసు మళ్లినవాళ్లే ఎక్కువ.

ఇదేం పిచ్చి అలవాటు అని తేలిగ్గా అనేయకండి. అడిగి చూస్తే ప్రతిదానికీ వాళ్ల దగ్గర ఓ కారణం ఉంటుంది. సముద్రపు గాలికీ వానకీ నిప్పు ఆరిపోదు. నాట్లు వేసేటప్పుడు, వలలు బాగుచేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నిప్పురవ్వ చీర మీదో చంటిపిల్ల మీదో పడదు. పెదాల తడికి చుట్ట మెల్లగా కాలుతుంది కాబట్టి ఒక్కటే చాలాసేపు వస్తుంది. పంటినొప్పి తగ్గుతుందని కొందరు, ఆకలి తెలియదని కొందరు చెబుతారు. చాలామంది అమ్మని చూసి నేర్చుకున్నవాళ్లే. కష్టం చేసుకునే మనిషికి అది కాసింత ఊరట. ఆ ఊరటే లోపల ఏం చేస్తోందో వాళ్లకి కనపడదు, ఎందుకంటే ఎవరి అంగిలి వాళ్లకి కనపడదు కదా.

అంగిలి సంగతి ముందు చెప్పుకుందాం. నాలుక కొనతో పైకి తడిమి చూడండి. పళ్ల వెనక గట్టిగా తగిలేదే అంగిలి. దాని మీద పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో లాలాజలం ఊరే చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వాటి రంధ్రాలు సూదిమొన కంటే సన్నం. అడ్డపొగ తాగేవాళ్లలో నిప్పు వేడీ పొగాకు పొగా తిన్నగా ఈ పొరకే తగులుతాయి. పారతో పనిచేసే అరచేతికి కాయ కాసినట్టు, ఆ పొర కూడా తనని తాను కాపాడుకోవడానికి మందమవుతుంది. గులాబీ రంగు పోయి తెల్లబడుతుంది. ఆ తెలుపు మధ్య గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా తేలతాయి. టార్చి వేసి చూస్తే తెల్లటి అంగిలి మీద ఎర్రటి చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ మార్పు కనిపించిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ వస్తుందని కాదు. కానీ ఒంట్లో ఏదో జరుగుతోందని చెప్పే మొదటి కబురు అది.

తర్వాత ఏమవుతుందంటే, కాలి దెబ్బతిన్న కణాల స్థానంలో కొత్తవి పుట్టాలి కాబట్టి, కింద ఉన్న కణాలు మాటిమాటికీ రెండుగా చీలుతుంటాయి. పొగాకు పొగలో నైట్రోసమైన్లు, బెంజోపైరీన్ లాంటి పదార్థాలు ఉంటాయి. అవి కణం లోపలి డీఎన్ఏని పట్టుకుని చెడగొడతాయి. కణం ఎన్నిసార్లు చీలితే, చెడిన డీఎన్ఏ అన్నిసార్లు కొత్త కణాలకి వారసత్వంగా పోతుంది. ఒక తప్పుతో క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి తప్పు మీద తప్పు పేరుకుంటే, ఒక కణం అదుపు తప్పి తన ఇష్టం వచ్చినట్టు పెరగడం మొదలుపెడుతుంది. తెల్లమచ్చ పుట్టడానికీ అది పుండై గట్టిపడడానికీ మధ్య సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లే మనకి దొరికే అవకాశం. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ అవకాశం గురించే.

గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. మన ఉత్తరాంధ్ర తీరంలో అది మామూలుగా కనిపిస్తోందని 1930లలోనే విశాఖపట్నం వైద్యులు గమనించి రాశారు. 1960లలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఫాలీ మెహతా నాయకత్వంలో దంత వైద్యుల బృందం ఒకటి ఉండేది. డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ అనే నోటి వ్యాధుల నిపుణుడు వాళ్లతో కలిశాడు. వీళ్లు రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఎదురుచూడలేదు, పల్లెలకే వెళ్లారు. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, బీహార్‌లో దర్భంగా, అప్పట్లో బీహార్‌లోనే ఉన్న సింగ్‌భూమ్ జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది నోళ్లు చూశారు. అందులో శ్రీకాకుళం జిల్లావాళ్లు 10,169 మంది. వాళ్లలో నూటికి 44 మందికి అడ్డపొగ అలవాటు ఉన్నట్టు తేలింది. 1971లో అచ్చయిన లెక్క ఇది. ఈ అలవాటు కొలంబియాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇటలీ సార్డీనియా దీవిలో కూడా ఉంది. కానీ ప్రపంచంలో ఎక్కడ నోటి క్యాన్సర్ పాఠం చెప్పినా అడ్డపొగ దగ్గరికి వచ్చేసరికి మన శ్రీకాకుళం పేరు చెప్పక తప్పదు.

ఇందులో మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. కాలేయంలోనో క్లోమంలోనో కంతి పుడితే స్కానింగు కావాలి, ఎండోస్కోపీ కావాలి, పట్నం పోవాలి. నోరు అలా కాదు. తెరిస్తే చాలు, అంతా కనిపిస్తుంది. కరెంటు లేని ఊళ్లోనైనా పగటి వెలుగులో చూడొచ్చు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు, పరగడుపున రానక్కర్లేదు. అయినా మన దేశంలో నోటి క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముదిరాకే వస్తున్నారు. 2022లో దేశంలో సుమారు 1 లక్షా 43 వేలమందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చిందనీ, సుమారు 80 వేలమంది దానివల్ల చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. మొదట్లోనే పట్టుకుంటే పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఐదేళ్లు దాటి బతుకుతారు. ముదిరాక వస్తే సగంమంది కూడా దక్కరు. కంటికి కనిపించే జబ్బుతో ఇంతమంది పోతున్నారంటే, చూసేవాళ్లు లేకపోవడమే అందుకు పెద్ద కారణం.

మరి చూస్తే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని మీరు అడగాలి. అడగడమే సైన్స్. ఆ ప్రశ్నకి జవాబు తిరువనంతపురం జిల్లా నుంచి వచ్చింది. 1996లో అక్కడి రీజినల్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు, ఆర్. శంకరనారాయణన్ అనే వైద్యుడితో కలిసి పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. 13 పంచాయతీలు తీసుకున్నారు. లాటరీ తీసినట్టు ఏడింటిలో నోటి పరీక్ష చేశారు, ఆరింటిలో మామూలు వైద్యమే సాగనిచ్చారు. 35 ఏళ్లు దాటిన ఆడా మగా కలిపి 1,91,873 మంది ఈ లెక్కలోకి వచ్చారు. మూడేళ్లకోసారి ఇంటికెళ్లి నోరు చూసినవాళ్లు డాక్టర్లు కాదు. డిగ్రీ చదువుకుని, ఈ పని కోసం శిక్షణ తీసుకున్న మామూలు కార్యకర్తలు. 2005లో ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చింది. పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో, పరీక్ష చేసిన పంచాయతీల్లో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్లలో అంత తేడా కనపడలేదు. అంటే అందరి నోళ్లూ ఒకేలా చూడడం కంటే, చుట్టా బీడీ గుట్కా ఖైనీ అలవాటున్నవాళ్ల గడప ముందు తొక్కాలన్నమాట. సైన్స్ మనకి దారి చూపడమంటే ఇదే.

ఆ కార్యకర్త చేసే పని ఎంతసేపో తెలుసా? రెండు మూడు నిమిషాలు. మనిషిని వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయిస్తారు. గ్లవుజులు వేసుకుని ముందు పెదాలు తిప్పి చూస్తారు. తర్వాత చెక్క పుల్లతో బుగ్గని పక్కకి జరిపి, చివరి దంతం దాకా లోపలి పొర చూస్తారు. జర్దా, ఖైనీ అదిమిపెట్టుకునే చోటు అక్కడే ఉంటుంది. చిగుళ్లు చూస్తారు. నాలుక బయటికి పెట్టించి, కొనని గుడ్డతో పట్టుకుని, అటూ ఇటూ అంచులు చూస్తారు. నాలుక పైకెత్తించి దాని కిందా, తల వెనక్కి వాల్చి అంగిలీ చూస్తారు. మచ్చ కనిపిస్తే వేలితో తడిమి, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూస్తారు. చివర్లో దవడ కిందా మెడ పక్కనా గడ్డలేమైనా తగులుతున్నాయేమో నొక్కి చూస్తారు. తెల్లమచ్చని గుర్తుపెట్టుకోవాలి. ఎర్రమచ్చ ఉంటే ఇంకా జాగ్రత్తపడాలి, దాంట్లో ప్రమాదం ఎక్కువ. నొప్పి లేదని నిర్లక్ష్యం చెయ్యకూడదు, మొదట్లో ఇవి నొప్పి పెట్టవు. నొప్పి లేకపోవడమే ఈ జబ్బు చేసే మోసం.

ఇంత బాగా జరిగిన కేరళ పరీక్షలోనూ ఒక లెక్క నా మనసుని పట్టుకుంది. అనుమానం ఉందని పై వైద్యుడి దగ్గరికి వెళ్లమని చెప్పింది 5,145 మందికి. వెళ్లింది 3,218 మంది. మిగిలిన 1,927 మంది వెళ్లలేదు. 1980లలో శ్రీలంకలో పల్లె ఆరోగ్య కార్యకర్తలతో ఇలాగే నోళ్లు చూపించినప్పుడు, పైకి పంపినవాళ్లలో సుమారు సగంమందే వెళ్లారు. కారణం మొండితనం అనుకుంటే పొరపాటు. ఒకరోజు ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీ కావాలి. తోడు ఎవరో ఒకరు రావాలి, వాళ్ల కూలి కూడా పోతుంది. వెళ్లాక ఏ గదికి వెళ్లాలో, ఏ చీటీ రాయించుకోవాలో తెలియదు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి రేపు రమ్మంటే మళ్లీ వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? పైగా నొప్పి లేదాయె. అందుకే పరీక్ష అంటే టార్చి వేసి చూడడం మాత్రమే కాదు. చూసి, అనుమానం వస్తే చెయ్యి పట్టుకుని దారి దాటించి, వైద్యం అందేదాకా వెంట ఉండడం. ఇందులో ఏ అంచె తెగినా మొదట పడ్డ శ్రమంతా వృథా.

ముక్క పరీక్ష అనగానే మనవాళ్లలో ఒక భయం ఉంది. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని. అది అబద్ధం. మచ్చలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే అది మామూలు మచ్చో, మారుతున్న మచ్చో, క్యాన్సరో తెలుస్తుంది. నోటికి మత్తిచ్చి చేసే చిన్న పని అది. ఆ ముక్క పరీక్షకి భయపడి ఆరునెలలు ఆకుపసర్లు రాసుకుంటూ కూర్చుంటే, చిన్న కోతతో పోయేది దవడ తీసెయ్యాల్సినంత పెద్దదవుతుంది. ఈ ఒక్క మాట ఊళ్లో పదిమందికి చెప్పగలిగినా మీరు పెద్ద పుణ్యం చేసినట్టే.

రానివ్వకుండా ఆపడం గురించి కూడా చెప్పుకోవాలి. అదే టాటా బృందం, ఈసారి పి.సి. గుప్తా తదితరులతో, ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేలమంది పొగాకు అలవాటున్నవాళ్లని పట్టుకుని ఏటా వెళ్లి నోరు చూసింది. ఎవరి నోట్లో ఏముందో వాళ్లకే చూపించి, మానమని ఎదురుగా కూర్చుని చెప్పింది. సినిమాలు, పోస్టర్లు, ఊరి సభలు వీటికి తోడయ్యాయి. అలా చెప్పినవాళ్లలో మానేసినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువయ్యారు. కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గింది. 1986లో ఇది లాన్సెట్‌లో అచ్చయింది. ఇందులో ఊరటనిచ్చే మాట ఏమిటంటే, అలవాటు మానితే చాలామందిలో మచ్చలు తగ్గుముఖం పడతాయి. ఎంత వయసొచ్చినా మానడానికి ఆలస్యమైపోయిందని అనుకోనక్కర్లేదు. నలభై ఏళ్లు కాల్చిన అంగిలి కూడా కోలుకునే ప్రయత్నం చేస్తుంది. దానికి మనం అవకాశం ఇవ్వాలి.

అడ్డపొగ ఈ రోజుల్లో తగ్గుతోంది కదా, పాతకాలపు కబుర్లు ఎందుకు తాతా అంటారేమో. అడ్డపొగ తగ్గినా, నోట్లో పొగాకు తగ్గలేదు. చుట్ట పోయి గుట్కా వచ్చింది, ఖైనీ వచ్చింది. ఒక పొట్లంలో వక్కపొడి, ఇంకో పొట్లంలో జర్దా అమ్మి, కొన్నాక కలుపుకోమంటున్నారు. లారీ డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, కాలేజీ కుర్రాళ్లు బుగ్గలో పెట్టుకుని తిరుగుతున్నారు. వక్క నమిలేవాళ్లకి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. కారం తగిలితే మంట పుడుతుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మూడూ నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. పట్టకపోతే డాక్టరుకి చూపించాలి. ఈ జబ్బు ఇరవై ఏళ్ల కుర్రాళ్లకీ వస్తోంది. ఒకసారి బిగిసిన పొర మళ్లీ పూర్తిగా సాగడం కష్టం.

ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదనడం న్యాయం కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతివాళ్లకీ బీపీ, షుగరు, నోటి క్యాన్సరు, ఆడవాళ్లకి అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు, ఈ ఐదూ ఊళ్లోనే చూడాలని జాతీయ కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పొగాకు వాడతారా, నడుం కొలతెంత, ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా అని అడిగి ఒక ఫారం నింపుతుంది. దాన్నిబట్టి ఎవరిని ముందు చూడాలో తెలుస్తుంది. క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్లకోసారి, బీపీ షుగర్లు ఏటా చూడాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి పథకం ఏం కావాలి? కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లని, ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 0.9 శాతం, మగవాళ్లలో 1.2 శాతం చేయించుకున్నామన్నారు. నూటికి ఒక్కరు. అరవై ఏళ్ల క్రితం టాటా బృందం ఇంటింటికీ వెళ్లి చేసి చూపించిన పని ఇది. మనకి తెలియక ఆగలేదు, చెయ్యక ఆగింది.

చెయ్యాలంటే ఏం కావాలి? ఆశా, ఏఎన్ఎం అమ్మాయిలకి అసలైన మచ్చలు చూపించి నేర్పాలి, ఫొటోలు ఒకసారి చూపించి పంపేస్తే చాలదు. ప్రతి ఉపకేంద్రంలో మంచి టార్చి, గ్లవుజులు, చెక్క పుల్లలు అయిపోకుండా ఉండాలి. వారానికో పక్షానికో ఒకరోజు దంత వైద్యుడు పీహెచ్‌సీకి వచ్చి అనుమానం ఉన్నవాళ్లని అక్కడే చూసి, ముక్క అక్కడే తీసి పట్నానికి పంపితే, మనిషి పట్నం పోనక్కర్లేదు. పోయేది ముక్క మాత్రమే. క్యాన్సరని తేలినవాళ్లకి ఆసుపత్రి తారీఖు, దారి ఖర్చు, తోడు ముందే ఏర్పాటు కావాలి. ఇవేవీ కోట్ల రూపాయల యంత్రాలు కావు. పేదవాడి రోజుకూలికి విలువ ఇవ్వడం, అంతే.

మనవలూ, ఇక మీ వంతు. ఈ ఆదివారం ఇంట్లో చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ ఏ అలవాటున్నా సరే, ఆ పెద్దవాళ్లని వెలుతురులో కూర్చోబెట్టి, ఫోన్ టార్చి వేసి నోరు చూడండి. నోటి లోపలి పొర త్వరగా కొత్తదవుతుంది, కాబట్టి మామూలు పుండు రెండు వారాల్లో మానిపోవాలి. మానని పుండు, తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మింగేటప్పుడు ఇబ్బంది, మెడలో గడ్డ, వీటిలో ఏది కనపడినా ఇంటి వైద్యాలు పక్కన పెట్టి దగ్గర్లోని పీహెచ్‌సీకో దంత వైద్యుడికో చూపించండి. తిట్టకండి, ప్రేమగా తీసుకెళ్లండి. మానాలనుకునేవాళ్లకి 1800-112-356 అనే జాతీయ పొగాకు విముక్తి నంబరు ఉంది, ఫోన్ ఖర్చు లేదు. మీ ఊరి ఆశా కార్యకర్త వచ్చి నోరు చూస్తానంటే సిగ్గుపడకుండా, తొందరపెట్టకుండా చూపించండి. మీ ఇంట్లోవాళ్లది అయ్యాక పక్కింటి అవ్వని కూడా పిలవండి.